డ్యాష్‌బోర్డులో డేటా కనెక్షన్ తెగితే: ఫ్యూజు నుంచి క్యాన్ వైర్ల దాకా వరుసగా చూసే పద్ధతి

స్పీడోమీటర్ ముల్లు ఉన్నట్టుండి సున్నాకు పడిపోతుంది. ఏబీఎస్, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు మూడూ ఒక్కసారే వెలుగుతాయి. కారు లోపాలు చదివే స్కానర్ పెడితే కారుతో మాటే కలవదు. బండి మాత్రం మామూలుగానే నడుస్తుంటుంది. చెన్నైలో ఉన్న మనవాళ్లు అక్టోబర్, డిసెంబర్ మధ్య వానల్లోనూ మే నెల ఎండల్లోనూ ఎక్కువగా అడిగే సమస్య ఇదే.

ఇలాంటప్పుడు చాలాచోట్ల మొదట చేసేది క్లస్టర్ (మీటర్లు, లైట్లు ఉండే ప్యానెల్) మార్చడం, లేదంటే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పోయిందని తేల్చేయడం. వేలకు వేలు పోసినా లైట్లు మళ్లీ వెలుగుతాయి, ఎందుకంటే లోపం చాలాసార్లు తుప్పు పట్టిన ఎర్తు బోల్టులోనో, స్టీరియో బిగించినప్పుడు కొరికిన వైరులోనో ఉంటుంది. గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకోకుండా ఉండాలంటే వరుస తప్పకూడదు. ముందు అదనంగా బిగించిన సామాన్లు, తరువాత కరెంటు, ఆ తరువాత ఎర్తు, అవన్నీ బాగున్నాయని తేలాకే డేటా వైర్లు. మాడ్యూల్‌ను (ఒక్కో విభాగాన్ని నడిపే చిన్న కంప్యూటర్) అనుమానించడం చిట్టచివర.

1. ఏది పోయిందో ముందు తేల్చుకోండి

డ్యాష్‌బోర్డులో డేటా సమస్యలు మూడు రకాలు. వాటిని కలిపేసి చూస్తే రోజంతా పోతుంది.

- క్లస్టర్‌లో పలు లైట్లు ఒకేసారి వెలగడం, ముల్లులు పడిపోవడం, స్కానర్‌కు కారు అందకపోవడం: ఇది కారు లోపలి క్యాన్ లైను (మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే జత వైర్లు) సమస్య. 4 నుంచి 10 వరకు ఉన్న భాగాలు చదవండి.
- కారంతా బాగుంది, స్టీరింగ్ బటన్లు, కెమెరా, ఆండ్రాయిడ్ ఆటో మాత్రం పనిచేయవు: ఇది స్టీరియో వైపు సమస్య. 11వ భాగానికి వెళ్లండి.
- వర్క్‌షాపు స్కానర్‌కు కారు అందుతుంది, మీ ఫోనులోని యాప్‌కు అందదు: అడాప్టర్ సమస్య. 12వ భాగం చాలు.

ఒక్క లైటు వెలిగితే అది ఆ విభాగం సెన్సర్ సమస్య కావచ్చు. సంబంధం లేని మూడు నాలుగు లైట్లు ఒక్క క్షణంలో వెలిగాయంటే అవన్నీ పంచుకునేదేదో పోయినట్టు. ఆ పంచుకునేది కరెంటు, ఎర్తు, లేదా డేటా లైను.

2. చేతిలో ఉండాల్సినవి

- డిజిటల్ మల్టీమీటర్. ఓములు, డీసీ వోల్టులు, 10 ఆంపియర్ల కొలత ఉంటే చాలు.
- 21 వాట్ల ఇండికేటర్ బల్బు, హోల్డరు, రెండు పొడవాటి వైర్లు, మొసలి క్లిప్పులు.
- కనెక్టర్ వెనకనుంచి దూర్చే సన్నని పిన్నులు.
- ప్లాస్టిక్ ట్రిమ్ పట్టీలు. స్క్రూడ్రైవర్‌తో లాగితే క్లిప్పులు విరుగుతాయి.
- కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే. పెట్రోలు గానీ నూనె స్ప్రే గానీ దీనికి బదులు కాదు.
- 0.5 చదరపు మిల్లీమీటర్ల ఆటోమోటివ్ వైరు, లోపల జిగురు ఉన్న హీట్‌ష్రింక్ ట్యూబు, సోల్డరింగ్ ఐరన్.
- 10, 15 ఆంపియర్ల ఫ్యూజులు కొన్ని.
- మాడ్యూళ్లన్నింటినీ చదివే స్కానర్. ఇంజిన్ కోడ్లు (లోపాన్ని తెలిపే గుర్తులు) మాత్రమే చూపేదానితో సగం పనే అవుతుంది.

మల్టీమీటర్, పిన్నులు, ట్యూబు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. స్టీరియో కప్లర్లు, కెమెరా వైర్లు జనరల్ ప్యాటర్స్ రోడ్డులో చూడండి. తుప్పు పట్టిన కనెక్టర్‌కు జోడీ కావాలంటే పుదుప్పేటలో పాత బండ్ల సామాన్లలో వెతకాలి. అక్కడ కొనేటప్పుడు కనెక్టర్ ఒక్కటే తీసుకోకండి, వెనక కనీసం 15 సెంటీమీటర్ల వైరు ఉండేలా కోయించుకోండి. వైరు లేని కనెక్టర్‌లో పిన్నులు మార్చడం ఇంట్లో కుదిరే పని కాదు.

మీ కారు మోడలు, సంవత్సరానికి సరిపోయే వైరింగ్ డయాగ్రం కూడా సంపాదించండి. ఒకే మోడలులో పెట్రోలుకు ఒకటి, డీజిలుకు ఒకటి ఉంటాయి.

3. కారు మీద చెయ్యి వేసే ముందు

బ్యాటరీ వైరు తీయకముందే స్కానర్‌తో అన్ని మాడ్యూళ్ల కోడ్లూ చదివి ఫొటో తీసుకోండి. ముందుగా చెరిపేస్తే ఆధారం పోయినట్టే. ఏ కోడు ఇప్పుడు ఉంది, ఏది పాతది అన్నది కూడా ఫొటోలో కనపడాలి.

పసుపు రంగు కనెక్టర్లు, పసుపు తొడుగు ఉన్న వైర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటి మీద మల్టీమీటర్ ఓముల కొలతగానీ బల్బుగానీ పెట్టకూడదు. అంత కొద్ది కరెంటుకే ఎయిర్‌బ్యాగ్ పేలే ప్రమాదం ఉంది. వాటి పక్కన పని చేయాల్సి వస్తే బ్యాటరీ మైనస్ వైరు తీసి, మీ కారు మాన్యువల్‌లో రాసినంతసేపు ఆగాలి. 10 నిమిషాలు ఆగడం మంచి అలవాటు.

కారు నీట మునిగి ఉంటే తాళం తిప్పనే వద్దు. మునిగిన కనెక్టర్‌లోకి కరెంటు వెళ్తే పిన్నులు గంటల్లోనే ఆకుపచ్చగా తినేసుకుపోతాయి. బ్యాటరీ మైనస్ తీసేసి, బండిని లాగించుకుని వెళ్లండి.

చివరగా, మొదటి ప్రశ్న మీకు మీరే వేసుకోవాలి: ఈ లోపం మొదలయ్యే ముందు కారులో ఏం బిగించారు? జీపీఎస్ ట్రాకర్, అలారం, స్టీరియో, డ్యాష్‌క్యామ్, ఓబీడీలో (స్టీరింగ్ కింద స్కానర్ పెట్టే సాకెట్‌లో) గుచ్చే తాళం పరికరం, ఏదైనా సరే. వాటిని విప్పి, కోడ్లు చెరిపి, ఒక రోజు నడిపి చూడండి. ట్యాక్సీ బండ్లలో ట్రాకర్ వైర్లను ఓబీడీ సాకెట్ వెనక కలిపి ఉంచడం మామూలే. ముందు అక్కడ చూడండి.

4. కరెంటు, ఎర్తు: సగం కేసులు ఇక్కడే తేలతాయి

బ్యాటరీ నుంచి మొదలుపెట్టండి. రాత్రంతా ఆపి ఉంచిన కారులో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.0కు దిగితే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. కొన్ని కొత్త బండ్లలో ఛార్జింగ్‌ను కంప్యూటరే తగ్గిస్తుంటుంది కనుక అంతకు కాస్త తక్కువున్నా కంగారు పడొద్దు. స్టార్ట్ చేసేటప్పుడు 9.6 కిందికి పడిపోతే, మాడ్యూళ్లు ఆ క్షణంలో ఆగి మళ్లీ మొదలవుతాయి. అప్పుడు ఒకదాన్నొకటి అందలేదని కోడ్లు రాసిపెడతాయి. జంప్‌స్టార్ట్ చేసిన మర్నాడు వచ్చే కోడ్ల గుంపు చాలావరకు ఇదే. బ్యాటరీ బాగుచేసి, కోడ్లు చెరిపి, మళ్లీ వస్తాయేమో చూడండి.

తరువాత ఫ్యూజులు. కంటితో చూసి బాగుందనుకోవద్దు. ఫ్యూజు దాని చోటులోనే ఉండగా, పైన కనపడే రెండు లోహపు చుక్కల మీదా వోల్టేజీ కొలవండి. రెండింటి మీదా ఒకే కొలత రావాలి.

ఇక ఒంటరిగా మల్టీమీటర్ మోసం చేసే చోటుకు వద్దాం. ఇరవై పోగుల వైరులో పంతొమ్మిది తెగిపోయి ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 వోల్టులే చూపిస్తుంది, ఎందుకంటే అది దాదాపు కరెంటు తీసుకోదు. క్లస్టర్ కరెంటు అడగ్గానే వోల్టేజీ కూలిపోతుంది. అందుకే 21 వాట్ల బల్బు.

1. క్లస్టర్ కనెక్టర్ విప్పండి. డయాగ్రంలో కరెంటు వైరు, ఎర్తు వైరు గుర్తుపట్టండి.
2. ఆ రెండింటి మధ్య బల్బు పెట్టండి. తాళం ఆన్ చేయండి.
3. బల్బు నిండుగా వెలగాలి. వెలుగుతుండగానే దాని రెండు కొసల మధ్య కొలిస్తే బ్యాటరీ వోల్టేజీకి అర వోల్టుకు మించి తక్కువ ఉండకూడదు.
4. మసకగా వెలిగితే కరెంటు వైపా, ఎర్తు వైపా తేల్చుకోవడానికి, బల్బు ఎర్తు వైపు కొసను నేరుగా బ్యాటరీ మైనస్‌కు కలపండి. వెలుగు పెరిగితే ఎర్తే దొంగ.

ఈ బల్బును డేటా వైర్ల మీద ఎన్నడూ పెట్టకండి. లైను కూలిపోతుంది, మాడ్యూల్ లోపలి చిప్పు కూడా పోవచ్చు.

ఎర్తుకు ఇంకో పరీక్ష ఉంది. కనెక్టర్ మళ్లీ పెట్టేసి, ఇంజిన్, హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ ఆన్ చేయండి. మీటర్‌ను డీసీ వోల్టుల మీద ఉంచి, ఎర్ర ప్రోబు క్లస్టర్ ఎర్తు వైరు వెనకనుంచి, నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్ పోస్టు మీదే పెట్టండి, దాని క్లాంపు మీద కాదు. 0.1 వోల్టు లోపుంటే బాగున్నట్టు. 0.3 దాటితే ఎర్తు బోల్టు విప్పి శుభ్రం చేయాల్సిందే.

ఎర్తు బోల్టులు ఎక్కువగా డ్యాష్‌బోర్డు కింద ఉండే అడ్డు కడ్డీకి, ముందు తలుపు పక్కన కాళ్ల దగ్గరి ప్యానెల్ వెనక ఉంటాయి. బోల్టు తీసి, వైరు కొసన ఉన్న గుండ్రటి లగ్గునూ కింది లోహాన్నీ ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. బిగించాక పైన కొద్దిగా గ్రీజు పూయండి. బిసెంట్ నగర్, ఈసీఆర్ వంటి సముద్రపు గాలి తగిలే చోట నిలిపే బండ్లలో ఈ ఒక్క పనితోనే చాలా లైట్లు ఆరిపోతాయి.

5. ఓబీడీ సాకెట్‌లో ఏ పిన్ను ఏమిటి

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. వెడల్పు వైపు పైకి ఉండేలా ఎదురుగా చూస్తే పై వరుసలో ఎడమనుంచి 1 నుంచి 8, కింది వరుసలో 9 నుంచి 16.

- 4: బాడీ ఎర్తు
- 5: సిగ్నల్ ఎర్తు
- 6: క్యాన్ హై
- 14: క్యాన్ లో, సరిగ్గా 6 కిందే ఉంటుంది
- 7: పాత కార్లలో కే లైను (స్కానర్‌తో మాట్లాడే ఒంటి డేటా వైరు)
- 16: తాళంచెవి తీసేసినా ఉండే బ్యాటరీ కరెంటు

మొదట 16కూ 4కూ మధ్య, తరువాత 16కూ 5కూ మధ్య కొలవండి. రెండుసార్లూ బ్యాటరీ వోల్టేజీయే రావాలి. ఏమీ రాకపోతే ఫ్యూజు చూడండి. పలు కార్లలో ఈ పిన్నుకూ సిగరెట్ లైటర్ సాకెట్‌కో, లోపలి దీపానికో ఫ్యూజు ఒక్కటే. నాసిరకం ఛార్జర్ వల్ల ఆ ఫ్యూజు పోతే స్కానర్‌కు ప్రాణం ఉండదు, దాన్ని చూసి కారు ఈసీయూ చచ్చిందంటారు.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. మల్టీమీటర్ లావు ప్రోబును సాకెట్ రంధ్రంలోకి గట్టిగా నెడతారు. లోపల రెండు పల్చటి ఇత్తడి నాలుకలు ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటాయి. ప్రోబు దూరగానే అవి విచ్చుకుంటాయి, మళ్లీ దగ్గరకు రావు. ఆనాటి కొలత బాగానే వస్తుంది కానీ ఆ తరువాత పెట్టిన ఏ స్కానరూ అక్కడ సరిగా తాకదు. సాకెట్ విప్పి వెనకనుంచి సన్నని పిన్ను దూర్చండి, లేదా పాత ఓబీడీ ప్లగ్గుకు వైర్లు కలిపి దాని ద్వారా కొలవండి.

6. 60 ఓముల పరీక్ష

క్యాన్ లైను అంటే ఒకదానికొకటి మెలివేసిన రెండు వైర్లు. రెండు కొసల్లోనూ 120 ఓముల రెసిస్టరు ఒక్కొక్కటి ఉంటుంది. అవి సమాంతరంగా ఉంటాయి కనుక బయటనుంచి కొలిస్తే 60 రావాలి. లైను మొత్తం ఆరోగ్యాన్ని ఒక్క అంకెలో చెప్పే పరీక్ష ఇది.

1. తాళంచెవి తీసేయండి, తలుపులు మూయండి.
2. బ్యాటరీ మైనస్ వైరు తీసి 5 నిమిషాలు ఆగండి. కరెంటు ఉన్న లైను మీద ఓములు కొలిస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు.
3. 6, 14 పిన్నుల మధ్య ఓములు కొలవండి.

వచ్చిన అంకెను ఇలా చదవాలి:

- 55 నుంచి 65: రెండు రెసిస్టర్లూ అందుతున్నాయి.
- 120 చుట్టుపక్కల: ఒక కొస తెగింది, లేదా ఒక రెసిస్టరున్న మాడ్యూల్ ఊడి ఉంది.
- 40 దగ్గర: మూడో రెసిస్టరు ఎక్కడో చేరింది. బయటినుంచి బిగించిన పరికరంలో రెసిస్టరు ఉందేమో చూడండి.
- 0 నుంచి 5: రెండు వైర్లూ ఒకదానికొకటి తాకాయి.
- అంకే రాకపోవడం: సాకెట్‌కు వచ్చే కొమ్మే తెగింది, లేదా మీ కారు వేరే పిన్నులు వాడుతోంది.

బ్యాటరీ ఇంకా తీసే ఉండగా, 6నుంచి 4కు, 14నుంచి 4కు కూడా కొలవండి. వేల ఓములు రావాలి. పదుల్లో వస్తే ఆ వైరు బాడీకి తాకుతోంది.

మధ్యలో గేట్‌వే మాడ్యూల్ (లోపలి లైన్లకూ సాకెట్‌కూ మధ్య వాకిలిలాంటిది) ఉన్న కొత్త కార్లలో సాకెట్ దగ్గర కనపడేది గేట్‌వే దాకా ఉన్న చిన్న కొమ్మ మాత్రమే. అక్కడ 60 వచ్చినా లోపలి లైన్లన్నీ బాగున్నాయని కాదు. 120 వచ్చినా అది ఆ కారుకు సహజమే కావచ్చు. అలాంటి బండిలో ఇదే పరీక్షను డయాగ్రం చూసి క్లస్టర్ కనెక్టర్ దగ్గర చేయాలి. కొన్ని కంపెనీలు రెండో క్యాన్ లైనును 3, 11 పిన్నులకు ఇస్తాయి. దాన్నీ అలాగే కొలవండి.

7. లైను ఊపిరి ఉందా: వోల్టేజీ పరీక్ష

బ్యాటరీ వైరు పెట్టి, తాళం ఆన్ చేసి, డీసీ వోల్టుల్లో 6నుంచి 4కు, తరువాత 14నుంచి 4కు కొలవండి. సమాచారం పారుతున్న లైనులో హై 2.5 కంటే కొంచెం పైన, సుమారు 2.6 లేదా 2.7 చూపిస్తుంది. లో అంతే మేర కింద, సుమారు 2.3 లేదా 2.4. నిజానికి హై 2.5కూ 3.5కూ మధ్య, లో 2.5కూ 1.5కూ మధ్య సెకనుకు లక్షలసార్లు ఊగుతుంటాయి. మీటర్ చూపేది సగటు.

రెండు అంకెలూ కూడితే 5 వోల్టుల దగ్గరకు రావాలి. ఇది గుర్తుంచుకుంటే చాలు.

- రెండూ 2.5 వద్దే కదలకుండా ఉన్నాయి: ఎవరూ మాట్లాడడం లేదు, లేదా రెండు వైర్లూ అతుక్కున్నాయి. రెండింటిలో ఏదన్నది 60 ఓముల పరీక్షతో తేలిపోతుంది.
- ఒకటి 0: ఆ వైరు బాడీకి తాకింది.
- ఒకటి 12 దగ్గర: ఆ వైరు బ్యాటరీ కరెంటుకు తాకింది. వెంటనే తాళం తీసేయండి.
- రెండూ 0: వైరు బాడీకి తాకడం లేదని 6వ భాగం కొలతలో తేలితే, మాడ్యూళ్లు నిద్రలో ఉన్నాయి, లేదా వాటికి కరెంటే లేదు. మళ్లీ 4వ భాగం.

పాత కే లైను బండ్లలో 7వ పిన్ను దగ్గర, మాటలేమీ జరగనప్పుడు దాదాపు బ్యాటరీ వోల్టేజీ ఉండాలి. 0 ఉంటే బాడీకి తాకినట్టు.

8. యూ కోడ్లు ఎవరి మీద వేలు చూపిస్తున్నాయి

యూ అక్షరంతో మొదలయ్యే కోడ్లన్నీ మాటల సంబంధమైనవి. యూ0100 ఇంజిన్ మాడ్యూల్ అందలేదని, యూ0121 ఏబీఎస్ అందలేదని, యూ0140 బాడీ కంట్రోల్ మాడ్యూల్ అందలేదని, యూ0155 క్లస్టర్ అందలేదని. యూ0073 అయితే మొత్తం లైనే ఆగిందని.

కోడు ఏ మాడ్యూల్‌లో దొరికిందో, దానిలో సాధారణంగా లోపం ఉండదు. అది ఫిర్యాదుదారు మాత్రమే. ఒక కాగితం మీద నిలువుగా ఫిర్యాదు చేసినవాళ్లనూ, అడ్డంగా ఎవరి మీద ఫిర్యాదు వచ్చిందో వాళ్లనూ రాయండి. ఇంజిన్, స్టీరింగ్, క్లస్టర్ మూడూ ఏబీఎస్ అందడం లేదంటే, స్కానర్‌కు కూడా ఏబీఎస్ అందకపోతే, ఏబీఎస్ కరెంటు, ఎర్తు, కనెక్టర్ చూడండి. స్కానర్‌కు ఏబీఎస్ చక్కగా అందుతూ కోడు పాతదని చూపిస్తే అది వచ్చిపోయే లోపం, 10వ భాగం చూడండి. అందరూ అందరి మీదా ఫిర్యాదు చేస్తుంటే అది లైను లోపం.

9. లైనును పట్టేసిన మాడ్యూల్‌ను వెతకడం

కొలతల్లో రెండు వైర్లూ అతుక్కున్నట్టో, బాడీకి తాకినట్టో తేలింది. వైరు నలిగిందా, ఏదో మాడ్యూల్ లోపల చిప్పు కాలిందా? ఒక్కొక్కదాన్ని విప్పుతూ పోవాలి.

1. మీటర్‌ను 6, 14 మధ్య (బాడీకి తాకినట్టు తేలితే ఆ పిన్నుకూ 4కూ మధ్య) ఓముల మీద ఉంచండి, బ్యాటరీ తీసే ఉండాలి.
2. బయట బిగించినవి మొదట విప్పండి: ట్రాకర్, స్టీరియో క్యాన్ డబ్బా (స్టీరియోను క్యాన్ లైనుకు కలిపే చిన్న పెట్టె), అలారం.
3. తరువాత సులువుగా అందే మాడ్యూళ్లు. చివరగా ఇంజిన్ ఈసీయూ, క్లస్టర్.
4. విప్పిన ప్రతిసారీ అంకె రాసుకోండి. అంకె ఒక్కసారిగా 60కి (బాడీకి తాకిన లోపమైతే వేల ఓములకు) దూకిన చోట దొంగ దొరికినట్టు.
5. 60 ఉన్నప్పుడు రెసిస్టరున్న మాడ్యూల్ విప్పితే 120 వస్తుంది. అది లోపం కాదు, సహజం.
6. అన్నీ విప్పినా అంకె మారకపోతే లోపం వైరులోనే.

ఓములు బాగుండి, లైను మాత్రం గందరగోళంగా ఉంటే ఫ్యూజులు తీసే పద్ధతి మంచిది. తాళం తీసి ఒక ఫ్యూజు లాగి, ఆన్ చేసి స్కాన్ చేయండి. మాడ్యూల్‌ను కదిలించకుండానే దాని నోరు మూయించినట్టు. అయితే చిప్పు లోపల కాలిన మాడ్యూల్ కరెంటు లేకపోయినా లైనును లాగే ఉంచుతుంది. అందువల్ల ఫ్యూజుతో తేలకపోతే కనెక్టర్ విప్పక తప్పదు. కనెక్టర్ ఎప్పుడు విప్పినా, పెట్టినా తాళం తీసే ఉండాలి.

10. వచ్చిపోయే లోపం: ఎండ, వాన, ఎలుక

ఎండలో నిలిపిన కారు ఎక్కగానే క్లస్టర్ చీకటి, ఏసీ పావుగంట నడిచాక మామూలు. ఇది చాలాసార్లు లోపలి సోల్డరు పగులు. క్లస్టర్ విప్పి వెనక కనెక్టర్ పిన్నుల మూలాల్లో భూతద్దంతో చూస్తే, పిన్ను చుట్టూ వెంట్రుకంత సన్నని ఉంగరంలాంటి గీత కనిపిస్తుంది. అక్కడ మళ్లీ సోల్డరు పోస్తే తీరుతుంది.

వాన తరువాత వచ్చే లోపానికి నీటి దారి వెతకండి, వైరు కాదు. ముందు అద్దం రబ్బరు మూల, ఇంజిన్ గోడలో వైర్లు దూరే రబ్బరు, సన్‌రూఫ్ పైపులు, ఏసీ నీటి పైపు. ఏసీ పైపు పూడుకుంటే నీళ్లు ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ కింద నిలుస్తాయి, పైన మాత్రం పొడిగా ఉంటుంది. కార్పెట్ ఎత్తి కింది స్పాంజి నొక్కి చూడండి. నీటి దారి మూయకుండా కనెక్టర్ ఎన్నిసార్లు తుడిచినా వచ్చే వానకు మళ్లీ మొదలే.

వేళచ్చేరి, ముడిచ్చూర్ వంటి నీళ్లు నిలిచే చోట్లనుంచి వచ్చే బండ్లలో ఇంకొకటి చూడాలి. నీళ్లు రాగి పోగుల మధ్యనుంచి దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు పైకి పాకుతాయి. కనెక్టర్ పొడిగా కనిపించినా వైరు లోపల రాగి నల్లబడి ఉంటుంది. కొద్దిగా తోలు ఒలిచి చూడండి.

అపార్ట్‌మెంట్ కింద పార్కింగులో ఉండే కార్లకు ఎలుకలు. బానెట్ కింద, బ్యాటరీ ట్రే పక్కన, అక్కడినుంచి లోపలికి వచ్చే వైర్ల కట్ట మీద కొరికిన గుర్తులు వెతకండి.

ఏదీ కనపడకపోతే వైర్లు కదిపే పరీక్ష. ఇంజిన్ ఆన్ చేసి, స్కానర్‌లో లైవ్ డేటా పెట్టి, ఒకరు తెర చూస్తుండగా ఇంకొకరు కట్టను అంగుళం అంగుళం నొక్కుతూ రావాలి. ఎక్కడ డేటా తడబడితే అక్కడ ఆగండి.

11. వైరు అతకడం, స్టీరియో సరిచేయడం

క్యాన్ వైరును మామూలు వైరులా మెలిపెట్టి టేపు చుట్టకూడదు.

- నల్లబడిన రాగి పూర్తిగా పోయి మెరిసే రాగి వచ్చేదాకా కోయండి.
- రెండు వైర్ల అతుకులు పక్కపక్కన కాకుండా 3, 4 సెంటీమీటర్ల దూరంలో వేయండి.
- సోల్డరు చేసి, జిగురున్న ట్యూబు వేసి వేడి చేయండి.
- రెండు వైర్ల పొడవూ సమానంగా ఉంచి, సుమారు 3 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున మళ్లీ మెలివేయండి. మెలి లేని భాగం 5 సెంటీమీటర్లు దాటకూడదు.
- యాంప్లిఫైయర్ కరెంటు వైరుకు ఆనించి కట్టకండి.

వైరు తోలును కొరికి పట్టుకునే నీలం, ఎరుపు ప్లాస్టిక్ క్లిప్పులు కారులో ఎక్కడ కనపడినా తీసేయండి. వాటి బ్లేడు సగం పోగులను తెంచుతుంది, మిగతావి తేమకు పాడవుతాయి. ఆర్నెల్లు బాగుండి తరువాత మొదలయ్యే లోపాలకు ఇవి పెద్ద కారణం.

బయట బిగించిన ఆండ్రాయిడ్ స్టీరియోలో పసుపు వైరు ఎప్పుడూ ఉండే కరెంటు, ఎరుపు తాళంతో వచ్చే కరెంటు, నలుపు ఎర్తు. పసుపు, ఎరుపు తారుమారైతే తాళం తీయగానే సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. రెండూ కలిపేస్తే స్టీరియో నిద్రపోక బ్యాటరీ ఖాళీ అవుతుంది. స్టీరింగ్ బటన్లు పనిచేయకపోతే ముందు స్టీరియో సెట్టింగుల్లో క్యాన్ రకం మీ కారు మోడలుకే పెట్టి ఉందా చూడండి. అది సరిగా ఉన్నా రాకపోతే క్యాన్ డబ్బా వైర్లు చూడండి.

రివర్స్ కెమెరా తెర నల్లగా వస్తే స్టీరియోకు గేరు సంకేతం అందింది, బొమ్మ అందలేదు: కెమెరా కరెంటు, పసుపు ఆర్‌సీఏ ప్లగ్గు చూడండి. తెర అసలు మారకపోతే వెనక దీపంనుంచి వచ్చే 12 వోల్టుల సంకేత వైరు చూడండి.

ఫోను కేబులు విషయం చిన్నది. ఛార్జింగుకు మాత్రమే పనికొచ్చే కేబులులో డేటా వైర్లు ఉండవు. మీటరు పొడవు లోపు, డేటా వైర్లున్న కేబులు మార్చి చూడండి. ఫోను సాకెట్‌లోని దూదిపింజలాంటి దుమ్మును చెక్క పుల్లతో తీయండి.

12. బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ కలవకపోతే

ఈఎల్‌ఎం327 పేరుతో అమ్మే చవక అడాప్టర్లలో ఎక్కువ భాగం నకళ్లు. 1.5 వెర్షన్ అని అచ్చువేసినవి బోలెడు, అసలు కంపెనీ ఆ వెర్షన్ విడుదలే చేయలేదు. కొన్ని నకళ్లలో పాత ప్రోటోకాళ్లు (కారుతో మాట్లాడే పద్ధతులు) ఉండవు. అందుకే కొత్త కారుకు కలిసి, పాత కే లైను కారుకు కలవవు.

- లైటే వెలగలేదు: 16వ పిన్ను, ఫ్యూజు.
- జత కావడానికి పిన్ నంబరు అడిగితే 1234 లేదా 0000.
- ఐఫోన్‌కు పాత తరహా బ్లూటూత్ అడాప్టర్ పనికిరాదు. బీఎల్ఈ రకం (తక్కువ కరెంటుతో నడిచే కొత్త తరహా బ్లూటూత్) లేదా వైఫై రకం తీసుకోవాలి. బీఎల్ఈ రకాన్ని ఫోను సెట్టింగుల్లో కాక యాప్ లోపలినుంచే కలపాలి.
- స్టీరియో ముందుగానే అడాప్టర్‌ను పట్టుకుని ఉంటే ఫోనుకు దొరకదు. స్టీరియో బ్లూటూత్ ఆపి చూడండి.
- అడాప్టర్ కలిసి, కారు కలవలేదు: తాళం ఆన్‌లో ఉందా చూసి, యాప్‌లో ప్రోటోకాల్‌ను ఆటో మీద పెట్టండి.

పని అయ్యాక అడాప్టర్ తీసేయండి. కొన్ని కార్లలో అది గుచ్చి ఉంటే మాడ్యూళ్లు నిద్రపోవు.

13. అప్పగించే ముందు

- కోడ్లన్నీ చెరిపి కనీసం 20 నిమిషాలు నడిపి మళ్లీ స్కాన్ చేశారా?
- 60 ఓములు మళ్లీ కొలిచారా?
- తలుపులు తాళం వేసి అరగంట ఆగాక బ్యాటరీనుంచి లాగే కరెంటు 50 మిల్లీఆంపియర్ల లోపుందా?
- విప్పిన ప్రతి కనెక్టర్ క్లిక్ మని పడిందా? తాళం నాలుక విరిగి ఉంటే కట్టి ఉంచారా?
- నీటి దారి మూసి, కార్పెట్ ఎండబెట్టారా?

వారంటీలో ఉన్న కారు వైరు కోయకండి, ముందు డీలర్ దగ్గరకు వెళ్లండి. ఎయిర్‌బ్యాగ్ లైను, ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే బండి స్టార్ట్ కానివ్వనిది), కొత్త క్లస్టర్‌కు కోడింగు ఇంట్లో చేసే పనులు కావు. పాత క్లస్టర్ తెచ్చి పెట్టినా కిలోమీటర్ల లెక్క, తాళం గుర్తింపు కలవక బండి స్టార్ట్ కాకపోవచ్చు.

ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకు వెళ్తే మీ కొలతలన్నీ ఒక చీటీ మీద రాసి ఇవ్వండి: బ్యాటరీ వోల్టేజీ, ఎర్తు వైరు మీద వచ్చిన వోల్టేజీ, 6కూ 14కూ మధ్య ఓములు, రెండు వోల్టేజీలు, కోడ్ల పట్టిక, లోపం ఎప్పుడు వస్తుందో. తమిళం అంతంతమాత్రంగా వచ్చినా ఆ అంకెలు చూస్తే ఆయన నేరుగా ఆ వైరు దగ్గరకే వెళ్తారు.